మారిషసు వలసకూలీల ఛాయాపటములు

దేశచరిత్రకు శాసనములు, నాణెములు, తాళపత్రములు ఆధారములు. చెఱకుతోఁటలకై సముద్రము దాఁటిన కూలివారు శాసనములు వేయింపలేదు. వారి ముఖములు మాత్రము మారిషసునందు నిలిచినవి. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు వలసకచేరి దస్తరములతోఁ గూడ వేలకొలఁది ఛాయాపటములు భద్రపఱుపఁబడి యున్నవి.

ఇవి కళాభిలాషచేఁ దీయఁబడినవి కావు. 1834 మొదలు 20వ శతాబ్దారంభమువఱకు సుమారు 4,50,000 మంది భారతీయు లా దీవికిఁ గొనిపోఁబడిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల తెలుఁగువారును అందుఁ గలరు. 1867 నాఁటి చట్టము ననుసరించి, ఒడంబడిక తీఱిన కూలివాఁడు సైతము తన పటమంటించిన చీటీని సదా వెంట నుంచుకొనవలసివచ్చెను. చీటీ లేనివానిని దేశదిమ్మరి యని పోలీసువారు పట్టుకొనుచుండిరి. చీటీ పోయినచో మాఱుచీటీకి ఒక పౌను, అనఁగా నానాఁటి పది రూపాయలు, చెల్లింపవలెను. తొలి యొడంబడికలలో నెలకూలి 5 రూపాయలే! 1871లో ఆడాల్ఫు ద ప్లెవిట్జు వ్రాసిపెట్టిన విన్నపమున 9,401 మంది చేవ్రాళ్లు చేసిరి. మఱుసటి యేఁట రాజవిచారణసంఘ మేర్పడినది.

ఈ పటములఁ జూచువారిలోఁ గొందఱు కన్నులలో భయమును, కొందఱు ధిక్కారమును గాంచుచున్నారు. అది తొందరపాటని నా తలంపు. ఆ కాలపు గాజుపలకపైఁ బటము పడుటకుఁ గొన్ని క్షణములు కదలక యుండవలెను. ముఖము బిగిసికొనుట యంత్రధర్మము. తలపాగ చుట్టిన తీరు, మెడలోని సొమ్ము ఇంతకంటె నమ్మఁదగిన సాక్షులు.

పేళ్లు మఱింత విచిత్రములు. దస్తరమున వ్రాసిన వ్యక్తినామమే సంతతికి వంశనామ మయ్యెను. ఇంటిపేరు పలువురకు నశించినది. అచ్చటి తెలుఁగు కుటుంబములలో ‘అప్పడు’ అనునది వంశనామము. సింహాచలస్వామిని అప్పన్న యని పిలుచు విశాఖ ప్రాంతమున నది నేఁటికిని మనుష్యుల పేరే. దీపము చుట్టును దిరుగుచు రాత్రియెల్లఁ బాడు రామభజనమును, సింహాద్రి అప్పన్న పూజను వారు విడువలేదు. పటము చెప్పలేని జన్మభూమిని ఈ పేరును, ఈ పూజయుఁ జెప్పుచున్నవి.

పట్టుకొనుటకై తీసిన పటమునే నేఁడు మునిమనుమలు తాతల రూపముగా గోడకుఁ దగిలించుకొనుచున్నారు. చీటీసంఖ్యనుబట్టి దస్తరమున గ్రామనామమును వెదకుచున్నారు. గుమాస్తా తన చెవికిఁ దోఁచినట్లు పరలిపిలో వ్రాసిన యా యూళ్లపేళ్లలోఁ బెక్కింటిని గుర్తింపవలసినవారు మన మండలచరిత్రకారులే.