సంఖ్య నుండి మాటకు: స్వీయ సంరక్షణ క్రిప్టో వాలెట్లలో రహస్య పదావళి - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
బ్యాంకు, ఎక్స్‌చేంజి వంటి మధ్యవర్తి లేకుండా క్రిప్టో సొత్తును యజమానే కాపాడుకొనే పద్ధతిలో 2009 నుండి వచ్చిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యంత్రంలో దాగిన సంఖ్య కాగితం మీది పన్నెండు మాటలుగా మారిన క్రమాన్ని, ఆ మాటల ఎంపిక వెనుక ఉన్న నియమాలను, తెలుగు లిపిలో వాటిని రాసుకొనేవారికి ఎదురయ్యే చిక్కులను వివరిస్తుంది.

కీలక పదాలు: స్వీయ సంరక్షణ, వాలెట్, సీడ్ ఫ్రేజ్, భూతసంఖ్య, యూనికోడ్.

ప్రవేశిక:
సంఖ్యను మాటతో చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. శాసనాలలో శకవర్షాన్ని భూతసంఖ్యలతో చెప్పే పద్ధతి మనకు పరిచితమే. చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు. ఇలా వచ్చిన అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుకోవాలి. కటపయాది పద్ధతి మరింత సూక్ష్మమైనది. మేళకర్తలలో 'ధీరశంకరాభరణం' తీసుకుంటే 'ధ' తొమ్మిది, 'ర' రెండు. తిప్పి చదివితే 29. శంకరాభరణానికి ముందు 'ధీర' చేరడానికి కారణం ఈ లెక్కే. అంకెలు మరచిపోయే మనిషికి మాట గుర్తుంటుందన్న అనుభవమే ఈ పద్ధతులకు పునాది.

ఇదే అవసరం గత పదిహేనేళ్లలో మరొక రంగంలో తలెత్తింది. బిట్‌కాయిన్ వంటి క్రిప్టో కరెన్సీని సొంతంగా భద్రపరచుకొనేవారు ఒక మహాసంఖ్యను పన్నెండో ఇరవైనాలుగో మాటలుగా రాసి దాచుకుంటున్నారు. ఈ రెంటికీ వంశసంబంధం ఉందని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు; అటువంటి వాదనలు మన దగ్గర ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. ఒకే చిక్కుకు వేర్వేరు కాలాల్లో దొరికిన పరిష్కారాలను పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి.

వాలెట్‌లో ఉన్నదేమిటి?
'వాలెట్' అన్న పేరు తప్పుదారి పట్టిస్తుంది. అందులో నాణేలుండవు. ఏ చిరునామాకు ఎంత చెందుతుందన్న లెక్క బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ చిట్టాలో ఉంటుంది. ఆ చిట్టా ప్రతులు వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. వాలెట్‌లో ఉండేది ప్రైవేట్ కీ మాత్రమే. అది 256 బిట్‌ల సంఖ్య. మామూలు అంకెల్లో రాస్తే డెబ్బైకి పైబడిన అంకెలవుతుంది. దానినుండి పబ్లిక్ కీని, దానినుండి చిరునామాను లెక్కగట్టవచ్చు. వెనుకకు రావడం ఆచరణలో అసాధ్యం. ఆ సంఖ్య ఎవరికి తెలిస్తే వారే యజమాని. పోగొట్టుకున్నవాడు మొరపెట్టుకోవడానికి కార్యాలయం లేదు.

సతోషి నకమోటో పేరుతో బిట్‌కాయిన్ పత్రం 2008 అక్టోబర్ 31న వెలువడింది. 2009 జనవరి 3న తొలి బ్లాకు ఏర్పడింది. ఆనాటి సాఫ్ట్‌వేర్ ఈ తాళాలన్నిటినీ కంప్యూటర్‌లో ఒక ఫైలులో దాచేది. ఆ ఫైలుకు సంకేతపదంతో రక్షణ కల్పించే సదుపాయం 2011 సెప్టెంబర్ వరకు లేదు.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉండేది. బిట్‌కాయిన్‌లో చెల్లింపు చేసినప్పుడు మిగిలిన చిల్లర పాత చిరునామాకు కాక, సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు సృష్టించిన కొత్త చిరునామాకు చేరుతుంది. 2010లో ఒక వినియోగదారుడు తన తొమ్మిది వేల బిట్‌కాయిన్లలో ఒకదాన్ని తనకే పంపి చూసుకున్నాడు. మిగిలిన 8,999 కొత్త చిరునామాకు వెళ్లాయి. అతడు దాచుకున్న ఫైలు ప్రతి అంతకు ముందుది. కొత్త తాళం అందులో లేదు. జాగ్రత్తగా ప్రతి తీసుకొని కూడా సర్వం పోగొట్టుకున్న ఈ ఉదంతం స్వీయ సంరక్షణ చరిత్రలో అజాగ్రత్త వల్ల జరిగిన నష్టాలకన్నా ముఖ్యమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. లోపం మనిషిలో కాదు, దాచే పద్ధతిలో ఉంది. తర్వాత వంద తాళాలను ముందే సిద్ధం చేసి ఉంచే ఏర్పాటు వచ్చింది. అది చికిత్స కాదు, వాయిదా మాత్రమే. ఇక వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో 2013లో చెత్తకుప్పకు చేరిన హార్డ్ డిస్క్ కథ అందరికీ తెలిసిందే.

కవిత్వం నుండి వచ్చిన పట్టిక:
2011 నవంబర్‌లో వెలువడిన ఎలక్ట్రమ్ అనే వాలెట్ ఈ చిక్కుకు తొలి గట్టి పరిష్కారం చూపింది. ఒకే బీజసంఖ్య నుండి తాళాలన్నిటినీ లెక్కగట్టి, ఆ బీజాన్ని పన్నెండు ఆంగ్లపదాలుగా చూపింది. దాని పట్టికలో 1626 మాటలున్నాయి. ఈ సంఖ్య ఎందుకు? మూడు మాటలను వరుసగా తీసుకుంటే 1626ను మూడుసార్లు హెచ్చించినన్ని కలయికలు, అంటే 429,89,42,376 వస్తాయి. 32 బిట్‌లకు కావలసినవి 429,49,67,296. కొలిచి కుట్టినట్లు సరిపోయింది. సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే అంశమేమంటే, ఆ మాటలను విక్షనరీలోని సమకాలీన ఆంగ్ల కవిత్వ పదపౌనఃపున్య పట్టిక నుండి తీసుకున్నారు.

2012లో పీటర్ వుయ్లే ప్రతిపాదించిన బిప్ 32 ఒక బీజం నుండి వృక్షంలా తాళాలు శాఖోపశాఖలుగా పుట్టే పద్ధతిని స్థిరపరిచింది. 2013లో మారెక్ పలాటినస్, పావోల్ రుస్నాక్, ఆరన్ వోసిన్, షాన్ బోవ్ కలిసి బిప్ 39 రూపొందించారు. వీరిలో మొదటి ఇద్దరు ప్రాగ్ నగరం నుండి 2014లో ట్రెజర్ అనే హార్డ్‌వేర్ వాలెట్‌ను తెచ్చిన సంస్థకు చెందినవారు. ప్రైవేట్ కీ ఆ చిన్న పరికరాన్ని దాటి బయటకు రాదు. చెల్లింపుపై సంతకం లోపలే జరుగుతుంది.

బిప్ 39 పట్టికలో 2048 మాటలు. ఒక్కొక్క మాట 11 బిట్‌లకు సమానం. యాదృచ్ఛికంగా పుట్టిన 128 బిట్‌లకు సరిచూపు కోసం మరో 4 చేర్చితే 132. పదకొండుతో భాగిస్తే పన్నెండు మాటలు. ఈ సరిచూపు వల్లనే చివరి మాటను మన ఇష్టప్రకారం వేసుకోలేము. ప్రతి మాటనూ మొదటి నాలుగు అక్షరాలతో గుర్తుపట్టవచ్చు. ఒకే మాటకు చెందిన ఏకవచన బహువచనాలు, వర్తమాన భూతకాల రూపాలు పక్కపక్కన రాకుండా చూశారు. భూతసంఖ్యలలో ఐదుకు బాణమనీ శరమనీ భూతమనీ అనేక పర్యాయపదాలు. ఛందస్సుకు ఆ వైవిధ్యం కావాలి. ఇక్కడ ఒక సంఖ్యకు ఒకే మాట. పర్యాయపదం ప్రమాదం.

అర్థం ఉండకూడని వాక్యం:
భూతసంఖ్యలో కవి మాటను ఎంచుకుంటాడు. సీడ్ ఫ్రేజ్‌లో ఎంపిక ఎవరిదీ కాకూడదు. ఈ తేడా తెలియక నష్టపోయినవారి చరిత్ర ప్రత్యేకంగా ఉంది. తొలి సంవత్సరాల్లో కొందరు తమకు నచ్చిన వాక్యం నుండి నేరుగా తాళాన్ని తయారుచేసుకొనేవారు. దీనికి బ్రెయిన్ వాలెట్ అని పేరు. దొంగలు గీతాలు, మతగ్రంథాలు, సామెతలు అన్నిటినీ యంత్రాలకు అప్పగించి ముందే లెక్కగట్టి కాచుకున్నారు. ఆఫ్రికాన్స్ భాషలో అంతగా ప్రచారం లేని కవితా పంక్తిని వాడుకున్న వ్యక్తి సొమ్ము కూడా పోయింది. మన శతకపద్యాలకు అంతకన్నా ఎక్కువ రక్షణ ఉంటుందనుకోవడం పొరపాటు.

యంత్రం ఎంచినా చాలదని 2023లో తేలింది. లిబ్‌బిట్‌కాయిన్ అనే ఉపకరణం మూడవ తరంలో బీజాన్ని సృష్టించే ఆదేశం కంప్యూటర్ గడియారంలోని 32 బిట్‌ల మీదనే ఆధారపడిందని బయటపడింది. గడియారం సున్నా వద్ద ఉంటే వచ్చే పదావళి మొదటి రెండు మాటలు 'మిల్క్', 'శాడ్'. ఆ లోపానికి అదే పేరు స్థిరపడింది. కంటికి కనిపించేవి ఇరవైనాలుగు మాటలు. వాటి వెనుక ఉన్న యాదృచ్ఛికత ఎలక్ట్రమ్ పట్టికలోని మూడు మాటలపాటిది.

మధ్యవర్తుల పతనం:
ఇంత కష్టం ఎందుకని ఎక్స్‌చేంజిలను నమ్మినవారి అనుభవం వేరు. టోక్యోలోని మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరినప్పుడు సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు కనిపించలేదు. తర్వాత రెండు లక్షలు దొరికాయి. ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబర్‌లో కూలింది. మన దేశంలో 2018 ఏప్రిల్ నాటి రిజర్వు బ్యాంకు నిషేధపు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేశాక ఎక్స్‌చేంజిలు మళ్లీ పుంజుకున్నాయి. 2022 నుండి ఈ లాభాలపై 30 శాతం పన్ను అమలులో ఉంది. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల సొత్తు అపహరణకు గురై ఖాతాదారులు ఉపసంహరణలు లేక నిలిచిపోయారు.

లేఖకుని బాధ్యత:
స్వీయ సంరక్షణలో భద్రత అంతిమంగా రాతపని మీద ఆధారపడుతోంది. పరికరాన్ని తయారీదారు నుండే కొనాలి. పదావళిని అది మన ఎదుటనే సృష్టించాలి. ముందే అచ్చువేసిన మాటలతో పెట్టె వస్తే అది వల. 2020లో లెజర్ సంస్థ కొనుగోలుదారుల చిరునామాలు బయటపడ్డాయి. మరుసటి ఏడాది కొందరికి నకిలీ పరికరాలు తపాలాలో వచ్చాయి. పదావళిని కలంతో కాగితం మీద, వరుస సంఖ్యలతో రాయాలి. ఫోటో తీయడం, ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఉంచడం తగదు. ముందు చిన్న మొత్తం పంపి, పరికరాన్ని చెరిపి, కాగితం మీది మాటలతో తిరిగి తెరిచి చూశాకే మిగిలింది పంపాలి. తాళపత్ర ప్రతిని మూలంతో సరిచూడనిదే పరిష్కర్త వదలడు కదా. పంపేటప్పుడు చిరునామాను కంప్యూటర్ తెర మీద కాక పరికరం తెర మీద చదవాలి. పదావళి చెప్పమని అడిగేవాడు, సంస్థ ప్రతినిధినని చెప్పినా సరే, దొంగే.

తెలుగు లిపి దగ్గర చిక్కులు:
బిప్ 39కు ఆంగ్లంతోపాటు జపనీస్, కొరియన్, స్పానిష్, రెండు రకాల చైనీస్, ఫ్రెంచి, ఇటాలియన్, చెక్, పోర్చుగీసు పట్టికలున్నాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. కనుక తెలుగువాడు ఆంగ్ల మాటలనే రాసుకోవాలి. కొందరు వాటిని తెలుగు లిపిలో రాసుకుంటారు. అక్కడ చిక్కు మొదలవుతుంది. ఆ పట్టికలో 'కుడి' అనే అర్థమున్న మాట, 'రాయు' అనే అర్థమున్న మాట రెండూ ఉన్నాయి. తెలుగులో రెండూ 'రైట్'. 'ధరించు' అనే అర్థమున్నదీ 'ఎక్కడ' అనే అర్థమున్నదీ తెలుగులో 'వేర్'. ఆంగ్ల లేఖనంలో లేని అస్పష్టత మన లిప్యంతరీకరణలో పుడుతుంది. ఇటువంటి మాటలు ఒకటి రెండుంటే కలయికలన్నీ ప్రయత్నించి బయటపడవచ్చు. ఆ కాగితం యజమాని తదనంతరం ఇంట్లోవారికి దొరికితే, అసలు రెండు మాటలున్నాయన్న అనుమానమే వారికి రాకపోవచ్చు.

పదావళికి అదనంగా మనకు తోచిన పాస్‌ఫ్రేజ్ చేర్చుకొనే వీలుంది. దాన్ని తెలుగులో టైపు చేస్తే ప్రమాదం ఇంకా సూక్ష్మం. 'పెళ్లి', 'పెళ్ళి' మనకు ఒకటే; యంత్రానికి వేర్వేరు. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో ట-వ ఒత్తు కాకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక వర్ణం చేరుతుంది. ఒక కీబోర్డు దాన్ని చేర్చవచ్చు, మరొకటి చేర్చకపోవచ్చు. బిప్ 39 యూనికోడ్ రూపాలను ఏకరీతికి తెచ్చే నియమం పెట్టింది. 'ఐ'త్వపు గుర్తును రెండు భాగాలుగా విడదీయడం వంటివి దానివల్ల పరిష్కారమవుతాయి. ఈ అదృశ్య వర్ణాన్ని ఆ నియమం తొలగించదు. పాస్‌ఫ్రేజ్‌కు సరిచూపు కూడా లేదు. తప్పు టైపు చేస్తే హెచ్చరిక రాదు. ఖాళీగా ఉన్న మరొక వాలెట్ తెరుచుకుంటుంది.

తెలుగుకు పట్టిక తయారుచేయాలంటే ముందు 'నాలుగు అక్షరాలు' అంటే ఏమిటో తేల్చాలి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు వర్ణాలు. వర్ణక్రమ భేదాలున్న మాటలను, ఒత్తులో మాత్రమే తేడా ఉన్న జంటలను తొలగించాలి. నిఘంటుకర్తలకు, భాషాశాస్త్ర విభాగాలకు ఇది చేయదగిన పని. 2048 మాటలు పెద్ద సంఖ్యేమీ కాదు. అయితే అత్యధిక వాలెట్లు ఆంగ్ల పట్టికనే గుర్తిస్తాయి కనుక ఇతర భాషల పట్టికలను వాడవద్దని బిప్ 39 పాఠమే గట్టిగా చెబుతోంది. అందువల్ల ఇప్పటికి పన్నెండు మాటలనూ రోమన్ పెద్దబడి అక్షరాలతో, విడివిడిగా రాయడమే క్షేమం. బ్యాంకు ఖాతాకు ఉన్నట్లు దీనికి నామినీ ఉండరు. ఆ కాగితం ఏమిటో, దాన్ని ఎవరికీ ఎందుకు చూపకూడదో మరొక కాగితం మీద తెలుగులో రాసి ఇంట్లో వేరుగా ఉంచాలి.