సున్నపు గోడ - సిమెంటు పూత

పాత ఇంటిని బాగు చేయదలచిన గృహస్థు మొదట చూచునది గోడలనే. తాతలనాటి సున్నపు పూత అక్కడక్కడ పెచ్చులూడి ఉండును. మేస్త్రీ వచ్చి, ఆ పూతనంతయు చెక్కివైచి సిమెంటుతో పూయించినచో ఇక చింత లేదని చెప్పును. గృహస్థు సొమ్ము వెచ్చించి అట్లే చేయించును. నాలుగు వానకాలములు గడచునప్పటికి రంగు పొంగును. తెల్లని పొడి రాలును. మునుపు మోకాటి ఎత్తున నిలిచిన చెమ్మ నడుము ఎత్తునకు ప్రాకును. అప్పుడు ఆయన, ఈ పని మరల చేయవలసివచ్చినచో ఇట్లు చేయకుందును గదా అని విచారించును. ఈ విచారము ఒక్క ఇంటికి, ఒక్క దేశమునకు చెందినది కాదు. దాని వెనుక రెండు వందల ఏండ్ల చరిత్ర కలదు.

గృహనిర్మాణమునకు మానవుడు వాడిన మిక్కిలి పాత ద్రవ్యములలో సున్నము ఒకటి. సున్నపురాతిని గాని, గుల్లలను, ఆలిచిప్పలను గాని బట్టీలో సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. శుద్ధమైన సున్నపురాయి 100 పాళ్లు కాల్చినచో 56 పాళ్లు పొడిసున్నము మిగులును. 44 పాళ్లు వాయువుగా పోవును. పొడిసున్నముపై నీరు పోసినచో అది ఉడికి తడిసున్నమగును. దీనిని ఇసుకతో కలిపి గోడకు పూసినప్పుడు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మరల సున్నపురాయిగా మారును. బట్టీలో పోగొట్టుకొన్నదానిని గోడపై తిరిగి సంపాదించుకొనునన్నమాట.

తెలుగునాట సున్నమును, ఇసుకను ఎద్దులు త్రిప్పు గానుగలో నూరి గచ్చు సిద్ధము చేసెడివారు. కరక్కాయ నానిన నీరు, బెల్లపు నీరు అందు కలుపుట దక్షిణ దేశపు పద్ధతి. ఈ పనితనము దూరదేశముల వారిని కూడ ఆకర్షించెను. సెయింట్ హెలీనా ద్వీపపు గవర్నరైన ఐజాక్ పైక్ మద్రాసు గచ్చు తయారగు విధానమును వివరించి వ్రాయగా, అది 1732లో లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. బెల్లము, కరక్కాయ, గ్రుడ్డు తెల్లసొన, నెయ్యి, పెరుగు మున్నగునవి అందు పేర్కొనబడినవి.

అయితే మామూలు సున్నమునకు ఒక లోపము కలదు. గాలి తగలనిదే అది గట్టిపడదు. నీటి అడుగున పనికిరాదు. 1756లో ఇంగ్లండు తీరమున ఎడ్డిస్టన్ దీపస్తంభమును కట్టుటకు పూనుకొన్న జాన్ స్మీటన్ ఈ లోపమునకు విరుగుడు వెదకెను. బంకమట్టి కలిసిన సున్నపురాతినుండి వచ్చు సున్నము నీటిలో కూడ గట్టిపడునని ఆయన కనుగొనెను. ఆ దీపస్తంభము 1759లో పూర్తయినది. తరువాత 1824లో లీడ్స్ నగరపు తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్, సున్నపురాతిని బంకమట్టితో కలిపి కాల్చి చేసిన పొడికి పేటెంటు పొందెను. గట్టిపడిన పిదప అది పోర్ట్‌లండ్ అనుచోట దొరకు రాతిని పోలియుండునని దానికి పోర్ట్‌లండ్ సిమెంటని పేరిడెను. నేటి సిమెంటు సుమారు 1450 డిగ్రీల వేడిమిలో తయారగును.

భారతదేశమున పోర్‌బందరులోని కర్మాగారము 1914లో సిమెంటు ఉత్పత్తి ప్రారంభించెను. చాలకాలము దాని ధర, పంపకము ప్రభుత్వపు అదుపులో నుండెను. ఆ అదుపు 1982లో కొంతవరకు, 1989లో పూర్తిగా తొలగినది. సిమెంటు అందరికి అందుబాటులోనికి వచ్చుకొలది గానుగలు మూలబడినవి. తండ్రి గచ్చు పనిలో నేర్పరియైనను, కొడుకు చేతికి వచ్చినది సిమెంటు తాపీయే. కొత్త ఇండ్లకు ఇది మేలే అయినది. చిక్కు వచ్చినది పాత ఇండ్ల మరమ్మతులోనే.

పాతకాలపు గోడల పునాదిలో చెమ్మను ఆపు పొర సాధారణముగా ఉండదు. దీపపు వత్తి నూనెను పీల్చునట్లు, ఇటుకలోను మట్టిలోను గల సన్నని రంధ్రములు నేలలోని నీటిని పైకి పీల్చును. సున్నపు పూతకు కూడ అట్టి రంధ్రములు విస్తారముగా కలవు. అందుచేత ఎక్కిన నీరు ఆవిరియై పూతగుండ బయటకు పోవుచుండెడిది. సిమెంటు పూత ఆ దారిని చాలవరకు మూసివేయును. దారిలేని నీరు మరింత పైకి ఎక్కును. నీటితో వచ్చిన లవణములు పూత వెనుక స్ఫటికములుగా పెరిగి దానిని నెట్టును. అదియునుగాక, మెత్తని గోడ వేడికి, చలికి, తేమకు ఇంచుక కదలును. బిరుసైన సిమెంటు ఆ కదలికకు లొంగక పగులును. వెంట్రుకవాసి పగుళ్లలో వాననీరు చొరబడును. చొరబడిన నీరు తిరిగి రాలేదు. మట్టిగోడయైనచో లోలోపల నాని బలము కోల్పోవును. పైకి మాత్రము పూత నున్నగా కనబడుచునే ఉండును. ఇదియే అన్నిటికంటె అపాయకరము.

ఇందుకు న్యూమెక్సికోలోని రాంచోస్ డి టావోస్ అను ఊరు మంచి నిదర్శనము. అక్కడ 19వ శతాబ్ది ఆరంభమున పచ్చి ఇటుకలతో కట్టిన చర్చి ఒకటి కలదు. ఊరివారు మట్టి, గడ్డి కలిపి దానికి పూత పూయుచుండెడివారు. ఆ శ్రమ తప్పించుకొనదలచి 1967లో సిమెంటు పూయించిరి. పట్టుమని పదిపన్నెండేండ్లు గడవకమునుపే లోపలి పచ్చి ఇటుకలు నాని చెడినట్లు తేలినది. సిమెంటును ఒలిచివేసి, చెడిన భాగములను బాగుచేసి, మరల మట్టిపూతకే వచ్చిరి. ఇప్పటికిని అక్కడివారు ఏటేట వేసవిలో కూడి, తమ చేతులతోనే మట్టి పూయుచున్నారు. శాశ్వతమనుకొన్నది గోడకే ముప్పు తెచ్చినది. ఏటేట చేయవలసినది గోడను కాపాడుచున్నది.

ఒకసారి నష్టపోయిన గృహస్థు రెండవసారి ఏమి చేయవలెను? ముందుగా పూతను కాక నీటిని వెదకవలెను. కప్పు కారుచున్నదా, చూరునీరు గోడ మొదట పడుచున్నదా, వీధి మట్టము పెరిగి ఇంటి అరుగును మించినదా అని చూడవలెను. ఆ నీటిని మళ్లించిన పిదప గోడ దేనితో కట్టినదో తెలిసికొనవలెను. సున్నముతో కట్టినదానికి సున్నమే, మట్టితో కట్టినదానికి మట్టి గాని సున్నము గాని పూయవలెను. గట్టిగానున్న పాత పూతను చెక్కక, ఊడినంతవరకే అతుకు వేయవలెను. గోడయంతయు ఒకేసారి పట్టక, ఒక మూల పూసి ఒక వానకాలము గమనించుట మంచిది. పైన నీటిని ఆపు రంగులకు మారుగా సున్నపు వెల్లయే తగినది.

ఇందువలన సిమెంటు చెడ్డదని భావింపరాదు. సిమెంటుతో కట్టిన గోడకు సిమెంటు పూత తగినదే. దోషము వస్తువులో లేదు, పొత్తులో ఉన్నది. పూత గోడకంటె బలమైనదిగా నుండుట గొప్ప కాదు. చెడవలసివచ్చినప్పుడు పూత చెడి గోడ నిలువవలెను. పూతను మరల పూయవచ్చును. తాతలు కట్టిన గోడను మరల తేలేము.