కంపెనీ పేరు కాదు, మనిషి పేరు

2024 వసంతంలో నాలుగు రోజులు సెలవు దొరికితే బార్సిలోనా వెళ్ళొచ్చాను. అలవాటు ప్రకారం ఓ ఎక్సెల్ షీటు తయారుచేసుకున్నా. ఒక వరసలో "మ్యాచ్", ఇంకో వరసలో "చూడాల్సినవి". మొదటిది ఆట, రెండోది చరిత్ర. ఈ రెండిటికీ మధ్య సంబంధం ఉంటుందన్న ఆలోచన అప్పటికి నాకు లేదు.

బార్సా సొంత మైదానం కాంప్ నౌని 2023లో పునర్నిర్మాణం కోసం మూసేశారు. అందుకని అప్పట్లో మ్యాచ్‌లు రేవు పక్కనే ఉన్న మోంజుయిక్ కొండ మీద, ఒలింపిక్ స్టేడియంలో జరిగేవి. అసలు మైదానం చూడలేకపోతున్నానే అని కాస్త గొణుక్కుంటూనే టికెట్టు కొన్నా. దాని మీద స్టేడియం పేరు "లూయిస్ కంపానీస్" అని ఉంది. అబ్బో, కంపెనీలన్నీ కలిసి స్పాన్సర్ చేశాయి కాబోలు అనుకున్నా! నవ్వకండి. విమాన సంస్థల పేర్లూ బీమా సంస్థల పేర్లూ స్టేడియాలకి తగిలిస్తున్న రోజులివి. పైగా పొద్దున లేస్తే మనం చూసేది కంపెనీల మొహమే కదా.

మ్యాచ్ రాత్రికి. పొద్దుటిపూట ఊరికే కూర్చోవడం ఎందుకని అదే కొండ మీద ఉన్న పాత కోటకి వెళ్ళాను. అక్కడ తెలిసింది, కంపానీస్ అన్నది మనిషి పేరని (వాళ్ళు పలికేది ఇంచుమించు "కుంపాన్స్" అని). అంతర్యుద్ధం నాటి కటలోనియా ప్రభుత్వాధ్యక్షుడు. 1939లో ఫ్రాంకో సైన్యం గెలిచేసరికి ఫ్రాన్స్‌కి వెళ్ళిపోయాడు. మరుసటేడు జర్మన్లు ఫ్రాన్స్‌ని ఆక్రమించాక అక్కడ ఆయన్ని పట్టుకుని ఫ్రాంకోకి అప్పగించారు. 1940 అక్టోబరు 15న ఈ కోట కందకంలోనే కాల్చి చంపారు. ఆ కందకం దగ్గర నిలబడి, జేబులో ఉన్న టికెట్టు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

ఇక స్టేడియం సంగతి. దాన్ని 1929లో అంతర్జాతీయ ప్రదర్శన కోసం కట్టారు. 1936లో హిట్లర్ బెర్లిన్ ఒలింపిక్స్‌కి సిద్ధమవుతుంటే, దానికి నిరసనగా ఇక్కడ "ప్రజా ఒలింపిక్స్" జరపాలనుకున్నారు. ఆరంభం జూలై 19న. వేలమంది ఆటగాళ్ళు వచ్చేశారు కూడా. సరిగ్గా ఆ పొద్దున్నే సైన్యం తిరుగుబాటు బార్సిలోనా వీధుల్లోకి దిగింది. ఆటలు మొదలవకుండానే ఆగిపోయాయి. చాలామంది తిరిగి ఇళ్ళకి పోయారు, కొంతమంది మాత్రం ఉండిపోయి తుపాకీ పట్టారు. ఆ స్టేడియంలో ఒలింపిక్స్ జరగడానికి మళ్ళీ 1992 దాకా ఆగాల్సి వచ్చింది.

రాత్రి మ్యాచ్‌లో నా చుట్టూ వేల గొంతులు కటలాన్‌లో పాడుతున్నాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ భాషని అలా గొంతెత్తి పాడగలగడం వాళ్ళకి ఊరికే వచ్చింది కాదు. 1925 జూన్ 14న బార్సా పాత మైదానం లెస్ కోర్ట్స్‌లో, ఒక బ్రిటిష్ బ్యాండు స్పెయిన్ జాతీయగీతం వాయించగానే జనం ఈలలు వేసి గోల చేశారు. అదే బ్యాండు బ్రిటన్ గీతం వాయిస్తే చప్పట్లు కొట్టారు! అప్పటి నియంత ప్రిమో దె రివేరా ప్రభుత్వానికి ఒళ్ళు మండి మైదానాన్ని మూసేయించింది. క్లబ్బు స్థాపకుడు గాంపర్ దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. అతను స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాడు, 1899లో క్లబ్బు పెట్టింది అతనే. ఫ్రాంకో వచ్చాక క్లబ్బు పేరునే స్పానిష్‌లోకి మార్చేశారు. నలుగురిలో మాట్లాడటానికి భయపడే భాషని జనం ఎక్కడ మాట్లాడుకుంటారు? నలభై వేలమంది నడుమ అయితే ఎవరు మాట్లాడారో పోలీసులు మాత్రం ఎలా పట్టుకుంటారు?

ఇంతవరకూ చదివి "అయితే బార్సా అంటే స్వాతంత్ర్యం, మాడ్రిడ్ అంటే ఫ్రాంకో" అనుకుంటున్నారా? నేనూ చాలా ఏళ్ళు అలాగే వాదించాను, ఆఫీసు క్యాంటీన్‌లో గొంతు పోయేలా. ఇక్కడే అభిమానికీ చరిత్రకీ తేడా వస్తుంది. బార్సా అధ్యక్షుడు జోసెప్ సున్యోల్‌ని 1936 ఆగస్టులో ఫ్రాంకో సైనికులు కాల్చి చంపిన మాట నిజం. కానీ రియల్ మాడ్రిడ్ అధ్యక్షుడిగా పనిచేసిన సాంచెజ్ గెర్రా కూడా రిపబ్లిక్ పక్షమే, యుద్ధం తర్వాత ఆయన్నీ జైల్లో పెట్టారు. మాడ్రిడ్ నగరం కూడా దాదాపు రెండున్నరేళ్ళు ఫ్రాంకో ముట్టడిని తట్టుకుంది. ఇటు చూస్తే, బార్సా క్లబ్బు 1970లలో ఫ్రాంకోకి పతకాలిచ్చి గౌరవించింది. వాటిని రద్దు చేసింది 2019లో! జెండా రంగుని బట్టి మంచి చెడ్డలు పంచేస్తే వాదన గెలవచ్చు గానీ, జైలుకెళ్ళిన మనిషికి అన్యాయం చేసినట్టే.

ఆఖరి రోజు పాత పట్నంలో సాంత్ ఫెలిప్ నేరి అనే చిన్న చౌకుకి వెళ్ళాను. చర్చి గోడ నిండా గుంటలు. 1938 జనవరి 30న ఫ్రాంకో తరఫున వచ్చిన ఇటలీ విమానాలు వేసిన బాంబులకి ఇక్కడ 42 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. యుద్ధం అయ్యాక గెలిచినవాళ్ళు, రిపబ్లిక్ వాళ్ళు మతగురువుల్ని కాల్చిన తూటాల గుర్తులివి అని ప్రచారం చేశారు. గోడ ఒకటే, గుంటలు అవే, కథ మాత్రం మార్చేశారు. చచ్చిపోయిన పిల్లల్ని లెక్కలోంచి తీసేశారు. నేను వెళ్ళేసరికి పక్కనున్న బడిపిల్లలు అక్కడ బంతాట ఆడుకుంటున్నారు. బంతి వెళ్ళి ఆ గోడకే తగులుతోంది.

తిరుగు విమానంలో ఎక్సెల్ షీటు తెరిచి ఆ రెండు వరసలూ కలిపేశాను. మీరూ ఎప్పుడైనా మ్యాచ్ కోసం దేశం కాని దేశం వెళ్తే, స్కోరు ఎలాగూ ఫోన్లో దొరుకుతుంది. స్టేడియానికి ఎవరి పేరుందో, ఆ మనిషికి ఏమయిందో ఒక్క పూట వెచ్చించి తెలుసుకోండి. అక్కడివాళ్ళు చెప్పే కథ వినండి. అభిమానంతో విన్నా సరే, నమ్మేముందు మాత్రం అవతలి జట్టు వాళ్ళ కథ కూడా వినండి. నాకైతే క్యాంటీన్‌లో వాదనలు తగ్గిపోయాయి. మా వాళ్ళంతా హాయిగా భోంచేస్తున్నారట!