పద్నాలుగేళ్ల మరమ్మతు

2011 ఫిబ్రవరిలో జీటీకే 3.0 విడుదలైంది. కంప్యూటర్ తెర మీద కనిపించే బటన్లు, మెనూలు, విండోలు, స్లైడర్లు తయారుచేసి ఇచ్చే టూల్‌కిట్ అది. దాంతో రాసిన ప్రోగ్రామ్ లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. కొత్త వెర్షన్‌కు అందరికంటే ముందు మారాల్సింది గింప్ అనే బొమ్మల ఎడిటర్. జీటీకే పుట్టిందే దాని కోసం. పేరులో మొదటి అక్షరం కూడా గింప్‌దే. అయినా జీటీకే 3 మీద నడిచే గింప్ 3.0 జనం చేతికొచ్చింది 2025 మార్చి 16న.

ఇన్నేళ్లు ఏం చేశారని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ల కోసమే ఈ కథ.

అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో గింప్ మొదలుపెట్టారు. మొదట్లో మెనూలు, బటన్ల కోసం మోటిఫ్ అనే టూల్‌కిట్ వాడారు. అది డబ్బు పెట్టి కొనాల్సిన సరుకు. గింప్ ఉచితమే గానీ, మోటిఫ్ కొనుక్కోలేనివాడు గింప్‌ను సొంతంగా కంపైల్ చేసుకోలేడు. దాంతో మాటిస్ సొంత టూల్‌కిట్ రాసేశాడు. అదే జీటీకే. చదువు పూర్తవగానే ఇద్దరూ వెళ్లిపోయారు. కోడ్ వాలంటీర్ల చేతిలో పడింది. 1997లో మొదలైన గ్నోమ్ డెస్క్‌టాప్ జీటీకేను ఎంచుకుంది. అప్పటినుంచి ఆ టూల్‌కిట్ గింప్ ఒక్కదాని సొత్తు కాదు. అది పెరిగిన దారి వేరు, గింప్ నడిచిన దారి వేరు.

ఆ పెరుగుదల మన మేలుకే జరిగిందని చెప్పాలి. తొలి జీటీకేకు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తెలుసు. ‘స్త్రీ’ అని రాయాలంటే సకారం కింద రెండు ఒత్తులు కుదరాలి, పైన గుడి దీర్ఘం పడాలి. 2002 మార్చిలో జీటీకే 2.0తో పాటు వచ్చిన పాంగో అనే లైబ్రరీ అలాంటి లిపులకు దారి తెరిచింది. టూల్‌కిట్‌ను తిరగరాయడం దండగ అనేవాళ్లకు నేను చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

కానీ ప్రతి తిరగరాతకీ ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి. జీటీకే 2 రోజుల్లో గింప్ కోడ్‌కు ఒక విడ్జెట్ (బటన్, మెనూ లాంటి తెర మీది భాగం) తాలూకు విండో కావాలంటే ఆ విడ్జెట్ లోపలికి నేరుగా చెయ్యి పెట్టి తీసుకునేది. జీటీకే 3 ఆ తలుపు మూసేసింది. ఏది కావాలన్నా ఫంక్షన్ పిలిచి అడగాలి. మార్పు ఒక్క వరుసే, కానీ అలాంటి వరుసలు కోడ్ నిండా ఉన్నాయి. తెర మీద గీసే పద్ధతీ మారింది. పాత డ్రాయింగ్ ఫంక్షన్లన్నీ పోయి, గీసే పనంతా కైరో లైబ్రరీకి వెళ్లింది. బొమ్మలు గీయడమే వృత్తిగా ఉన్న ప్రోగ్రామ్‌కు ఇది ఎంత పెద్ద దెబ్బో ఊహించుకోండి. ఇదంతా వాడకం ఆపకుండా చేయాలి. ఇంట్లో కాపురం ఉంటూనే పునాది మార్చినట్టు.

పైగా సరిగ్గా అప్పుడే ఇంకో పని నెత్తిన పడింది. 2012లో గింప్ డెవలపర్లు మైకేల్ నాటరర్, ఓయివిండ్ కోలోస్ బొమ్మలను ప్రాసెస్ చేసే లోపలి ఇంజన్‌ను గెగల్ అనే లైబ్రరీ మీదికి మార్చడం మొదలుపెట్టారు. ముందు ఇంజన్, తర్వాతే పైరూపం అన్న నిర్ణయం అది. నా దృష్టిలో సరైన నిర్ణయమే. కొత్త మెనూల వెనక ఎనిమిది బిట్ల పాత రంగుల లెక్కే మిగిలితే ఫొటోగ్రాఫర్లకు ఒరిగేదేముంది? ఆ ఫలం 2018 ఏప్రిల్‌లో గింప్ 2.10 రూపంలో అందింది. జీటీకే 3 కోసం పక్కన పెట్టుకున్న శాఖను ఆ తర్వాతే ప్రధాన కోడ్‌లో కలిపారు.

ఈలోగా కాలం ఆగలేదు. హైడీపీఐ తెరలొచ్చాయి. వాటి మీద గింప్ ఐకాన్లు కళ్లు చికిలిస్తే గానీ కనిపించేవి కావు. లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్ వచ్చింది, జీటీకే 2కు అది తెలియదు. గింప్ తెరిచాక డ్రాయింగ్ టాబ్లెట్ తగిలిస్తే గుర్తించేది కాదు. 2020 జనవరి 1తో పైథాన్ 2 గడువు తీరింది, దాని మీద ఆధారపడ్డ ప్లగిన్లు దిక్కులేనివయ్యాయి. అదే ఏడాది నవంబరులో గింప్ 3.0 దిశగా తొలి ప్రయోగ వెర్షన్ 2.99.2 బయటికొచ్చింది. డిసెంబరులో జీటీకే 4 విడుదలైంది. జీటీకే 2కు ఇక మరమ్మతులు ఉండవని ఆ సందర్భంలోనే చెప్పేశారు.

నాటరర్‌తో పాటు గింప్ బాధ్యత మోస్తున్న జెహాన్ పాజెస్ అక్కడ ‘కంపైల్ అయింది, చాలు’ అనుకుని ఆగిపోవచ్చు. జీటీకే 3లో జీటీకేయాక్షన్ అనే పాత భాగం ఇంకా పనిచేస్తూనే ఉంది. కాకపోతే దాన్ని వాడొద్దని కంపైలర్ హెచ్చరిస్తుంది. గింప్‌లో ప్రతి మెనూ అంశం, ప్రతి షార్ట్‌కట్ దాని మీదే ఆధారపడ్డాయి. దాన్ని పీకి, దానికి బదులుగా వచ్చిన జీయాక్షన్ పెడితే వాడేవాడికి తెర మీద పెద్దగా తేడా ఏమీ తెలియదు. మెచ్చుకునేవాడూ ఉండడు. ఎక్కడో ఒక షార్ట్‌కట్ పనిచేయకపోతే మాత్రం తిట్లు ఖాయం. అయినా ఆ పని చేశారు. 2023 జూలైలో 2.99.16 విడుదల చేస్తూ, జీటీకే 3కు మారడం పూర్తయిందని ప్రకటించారు. అందరూ ఎదురుచూసిన 3.0 కంటే నాకు ఆ విడుదలంటేనే గౌరవం ఎక్కువ.

జీటీకే 4కు మారే పని ఇంకా ముందుంది. పాత మెనూ విడ్జెట్లను జీటీకే 4 పూర్తిగా తీసేసింది. అక్కడ జీయాక్షనే దిక్కు. ఆ ముక్క గింప్‌లో ఇప్పటికే సిద్ధంగా ఉంది.