డబ్బాలు

గాజువాకలో ఒక మేడ మీది గది. కింద హైవే మీద లారీల రొద. ఉక్కపోతకి చొక్కా మీ వీపుకి అంటుకుపోయింది. ఎదురుగా 2 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటరు. గ్రాఫిక్స్ కార్డు మొరాయించడంతో డెబియన్ 12 ఆపరేటింగ్ సిస్టమ్‌ని అక్షరాల తెరతోనే ఎక్కిస్తున్నారు. ఆ తెరలో తెలుగు ఎంచుకునే వీల్లేదు. ఇంగ్లీషు నొక్కి ముందుకొచ్చారు.

ఇప్పుడు ఏమేం ఎక్కించాలో జాబితా. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ, వెబ్ సర్వరు... స్పేస్‌బార్ నొక్కితే నక్షత్రం పడుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది.

"అన్నీ తీసేయండి. ఈ మిషను మోయలేదు," అంటుంది పక్కనున్న అమ్మాయి.

తీసేస్తారు. నల్లతెర మీద ఆమె ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఫైర్‌ఫాక్స్ వగైరా అడిగి, సిఫారసులు వద్దని ఆదేశంలో చేరుస్తుంది. డెబియన్‌లో ఒక ప్యాకేజీ వెంట, ఏవి లేనిదే అది నడవదో అవి వస్తాయి. ఉంటే మంచిదని కట్టినవాళ్లు సిఫారసు చేసినవీ వస్తాయి. రెండోరకం మొత్తం ఆగిపోయింది. మిషను చురుగ్గా లేచింది. మీకు సంతోషం.

స్టీల్‌ప్లాంటు కోక్ ఓవెన్లలో చేసి రిటైరైన పెద్దాయన కుర్చీ లాక్కుని తెలుగు పేపరు తెరిచాడు. శీర్షికల చోట వరసగా ఖాళీ గళ్లు.

"ఏటమ్మా, ఈ డబ్బాలేటి?"

ఆమె మాట్లాడలేదు. మీరూ మాట్లాడలేదు.

తెలుగు ఖతి లేక పడ్డ డబ్బాలవి. బరువని వదిలేసింది కాదది. లోహిత్, పోతన, వేమన ఖతులు మూడూ కలిపినా ఫోనులో తీసిన ఒక్క ఫోటో అంత ఉండవు. ఇంకా బాధాకరమైన సంగతి, తెలుగు కీబోర్డు అమరిక లోపల ముందే ఉంది. అంటే ఆయన తెలుగు కొట్టగలడు, కొట్టింది చూడలేడు! నల్లతెర మీద ఆదేశాలిచ్చే మనిషి కావలసింది ఎప్పుడైనా తెచ్చుకుంటాడు. డబ్బాలు చూసిన మనిషికి ఏం అడగాలో కూడా తెలియదు. మొదటి జాబితా ఆయన్ని తలుచుకుని రాయాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

ఫోను హాట్‌స్పాట్ పెట్టి ఆమె తెలుగు ఖతుల ప్యాకేజీ దించింది. మిగతా పదకొండు మిషన్ల కోసం రాసుకున్న కాగితంలో, ఫైర్‌ఫాక్స్‌కి పైన, దాని పేరు చేర్చింది.

"ఏం కొట్టమంటావమ్మా?"

"మీ ఇష్టం, తాతయ్యా."

షిఫ్ట్ పట్టుకుని జీ మీట నొక్కించింది. ఉ పడింది. తర్వాత కే, డీ, కే. చివర షిఫ్ట్ లేకుండా జీ. ఒక్కో మీటా వెతుక్కుంటూ నొక్కాడాయన. కకారం కింద వత్తు కుదురుగా కూర్చుంది.

ఉక్కు.

కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తెరకి దగ్గరగా వంగాడు.