వేట మాంసమూ, చలువపెట్టే

మగవాళ్ళు వేట కథలు చెప్పేటప్పుడు గమనించారా? తుపాకి పేలడంతో వాళ్ళ కథ అయిపోతుంది. ఆ తర్వాత మాంసం ఇల్లెలా చేరింది, దారిలో ఎన్ని గంటలు పట్టింది, ఎండకు పాడయిందా లేదా అన్న గొడవ వారికి పట్టదు. అది వంటింటి వ్యవహారం కదూ!

మన చిత్తూరు సీమలో ఈ కథకు మొదటివాడు తిన్నడు. ధూర్జటి 'శ్రీకాళహస్తి మాహాత్మ్యం' చదివినవారికీ, చదవనివారికీ కూడా తెలిసిన బోయబిడ్డ. ఒక చేత విల్లు, ఒక చేత మాంసపు దొప్ప. స్వామికి నీళ్ళు తేవడానికి ఇంక చెయ్యేదీ? పుక్కిట పట్టి తెచ్చాడు. ఆయన భక్తి సంగతి పెద్దలు చెబుతారు గాని, నా బుద్ధి మాత్రం ఆ దొప్ప మీదికే పోతుంది. ఏ పూటకాపూట కాల్చి, రుచి చూసి, తెచ్చి పెట్టాడే తప్ప రేపటికని దాచలేదు. ఆ ఎండల్లో దాస్తే నిలుస్తుందా మరి!

రాజులది ఇంకో ఉపాయం. 1535 ప్రాంతంలో విజయనగరం చూసిన నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు, అక్కడి అంగట్లో కుందేళ్ళూ, కౌజుపిట్టలూ మొదలైన వేట జీవాలను ప్రాణంతోనే అమ్మాలని రాశాడు. కొనేవాళ్ళకు తామేం కొంటున్నామో తెలియాలట. ఊపిరి ఆడుతున్నంతసేపూ మాంసం చెడదు కదా! ఆ సింహాసనమే తర్వాత మన చంద్రగిరికి వచ్చింది.

రాజులు కానివాళ్ళకు ఒట్టి తునకలే గతి. మాంసాన్ని సన్నగా, పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండేస్తారు. మాంసాన్ని చెడగొట్టే ఎండ చేతనే దానికి కాపలా కాయించారు మనవాళ్ళు. కాకులకు కాపలా మాత్రం ఆడవాళ్ళదే!

మంచు మాట తీసుకుంటే, అది మనకు ఓడెక్కి వచ్చింది. అమెరికాలో బోస్టన్ దగ్గరి చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోసి, రంపపు పొట్టులో పాతి, 1833లో కలకత్తాకు తెచ్చారు. మద్రాసులో దాన్ని దాచడానికి 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందస్వామి అక్కడే బసచేశారు. ఆ మంచు దొరల గ్లాసుల్లోకే గాని, మన పల్లెలదాకా ఎక్కడ వస్తుంది?

మా ఇంటికి మంచు వచ్చింది 1950ల్లో. తాతకు వేట పిచ్చి. ఒక ఎండాకాలం భాకరాపేట అడవిలో కడితిని కొట్టి, ఎడ్లబండి మీద గడ్డి కప్పి తెచ్చేసరికి మర్నాడు పొద్దెక్కింది. మూత తీయకముందే వాసన. పెరట్లో గుంట తీసి పూడ్చారు. "ఒక జీవం ఊరికే పోయిందే" అని అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ మీద చలువపెట్టె కొందామన్నాడు తాత. కొన్నది ఆయనే, ఎంచింది అవ్వ. బయట చెక్క, లోపల జింకు రేకు, రెంటి నడుమ రంపపు పొట్టు. వేలితో కొట్టి చూసింది. డొల్లగా మోగితే పొట్టు సరిగా కూరలేదన్నమాట. మూత సందున కాగితం పెట్టి లాగింది. జారి వస్తే గాలీ జొరబడుతుంది. అడుగున నీళ్ళు పోయే తూము, దానికి బిరడా ఉన్నదీ లేనిదీ చూసింది. మంచు కరిగిన నీళ్ళలో మాంసం నానకూడదని లోపల చెక్కపలకల తట్టు కూడా వేయించింది. ఇన్నీ అయ్యాక తాతకు ఒక మాట చెప్పింది: "కొట్టిన చోటనే పేగులు తీసి, చెట్టునీడన వేలాడదీయండి. కాక తగ్గినాకనే పెట్టెలో పెట్టేది. వెచ్చటిది పెట్టి మూతేస్తే అది చలువపెట్టె కాదు, కోడిని పొదిగేసిన గంప!"

తిరుపతి నుంచి మంచుదిమ్మ గోనెలో, ఊకలో చుట్టుకుని వచ్చేది. తాత ఏ అర్ధరాత్రో వచ్చేవాడు. ఆయన పడుకున్నాక అవ్వా, అత్తలూ లాంతరు పెట్టుకుని తెల్లవార్లూ కోసేవాళ్ళు. మాంసం ముట్టని మా చిన్నత్త కూడా లాంతరు పట్టుకోక తప్పేది కాదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1989లో శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనం ఏర్పడింది. వేటాడితే జైలే. చట్టం సంగతి విని తాత మూడు రోజులు మౌనంగా ఉన్నాడు. అవ్వ మాత్రం, "ఇంక రాత్రిళ్ళు నిద్రపోవచ్చు" అంది.

ఆ పెట్టె ఇప్పుడు మా అన్నయ్య ఇంట్లో ఉంది. బియ్యం పోసుకుంటున్నారు. పురుగు పట్టడం లేదని వదిన తెగ మెచ్చుకుంటూంటుంది.