వరద కబురుకు పాత తీగ

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటింది. నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఊరి పేరు, వేళ, ఒక అంకె చేరితే చాలు, కబురు పూర్తయినట్టే. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల్లో కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోతే, ఇంత చిన్న కబురు మోయడానికి బ్యాటరీతో నడిచే హామ్ రేడియో, ఒక లాప్‌టాప్ సరిపోతాయి. డేటాను పొట్లాలుగా పంపే ప్యాకెట్ రేడియో 1,200 బాడ్ వేగం నేటి లెక్కలో నత్తనడకే అయినా, ఈ పనికి ఎక్కువే. అందుకే ఇక్కడ వేగం కన్నా నమ్మకం ముఖ్యం. రేడియోను లాప్‌టాప్‌తో కలిపే తీగ, అంటే యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్, ఎంచుకోవడంలోనూ అదే కొలమానం కావాలని ఆ తీగ చరిత్ర చెబుతోంది.

టెలిప్రింటర్లను, మోడెమ్‌లను కలపడానికి 1960లో అమెరికాలో ఆర్ఎస్-232 ప్రమాణం వచ్చింది. 1996లో యూఎస్‌బీ వచ్చాక లాప్‌టాప్‌ల నుంచి తొమ్మిది పిన్నుల పోర్టు క్రమంగా పోయింది. రేడియోలు, ప్యాకెట్ మోడెమ్‌లు మాత్రం పాత భాషనే పట్టుకున్నాయి. రెంటి మధ్య దుబాసి ఈ అడాప్టర్. దానిలో అసలు పని చేసేది పైడొప్ప కాదు, లోపలి చిప్: ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సిలికాన్ ల్యాబ్స్ కంపెనీల చిప్‌లు, సీహెచ్340 వగైరా. 2014లో ఎఫ్‌టీడీఐ కొత్త డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నా చేసి, వాటిని పనికిరాకుండా చేసింది. నిన్నటిదాకా నడిచిన తీగ ఒక్క విండోస్ అప్‌డేట్‌తో మూలన పడింది.

చవక సీహెచ్340తో ఆర్డ్వినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు చక్కగా నడుస్తున్నాయి కదా అంటే, నిజమే. తప్పు ధరది కాదు, లోపల ఏ చిప్ ఉందో చెప్పకుండా అమ్మడానిది. పైగా వోల్టేజీ పట్టింపు ఉంది: కొన్ని ఆర్డ్వినో బోర్డులు 5 వోల్టులకు, మరికొన్ని 3.3కు పని చేస్తాయి. ఆర్ఎస్-232లో 15 వోల్టుల దాకా, రుణ వోల్టేజీ కూడా వస్తుంది. నేరుగా కలిపితే బోర్డు మాడిపోవచ్చు. కొత్త రేడియోలకు యూఎస్‌బీ ఉందిగా అన్నది మరో మాట. ఐకామ్ ఐసీ-7300 రేడియో యూఎస్‌బీ వెనక కూడా కంప్యూటర్‌కు కనిపించేది సిలికాన్ ల్యాబ్స్ సీరియల్ పోర్టే. దుబాసి పెట్టె లోపలికి మారాడంతే. కాబట్టి గోదావరి గట్టున రేడియో పెట్టుకునేవారు చిప్ పేరు తెలిసిన అడాప్టర్ కొని, ఇంటర్నెట్ ఉండగానే డ్రైవర్ దింపుకొని, తొలకరికి ముందే రేడియోతో కలిపి పరీక్షించుకోవాలి. వరద వచ్చాక డ్రైవర్ వెతుక్కునే వీలుండదు.